మ్నా అని రాసిన తలుపు

ఐర్లండ్‌కు మొదటిసారి వెళ్లినవాళ్లు పబ్బులోనో, రైలు స్టేషనులోనో ఎక్కడో ఒకచోట రెండు తలుపుల ముందు ఆగిపోతారు. ఒకదాని మీద ఎఫ్-ఐ-ఆర్ అని మూడక్షరాలుంటాయి. రెండోదాని మీద ఎమ్-ఎన్-ఎ, ఆ చివరి ఎ నెత్తిన ఒక ఏటవాలు గీత. ఇంగ్లీషుకు అలవాటుపడిన కన్ను వెంటనే లెక్క వేసుకుంటుంది. ఎఫ్‌తో మొదలైంది కాబట్టి మొదటిది ఫీమేల్ అయి ఉంటుంది. రెండోదాంట్లో మ్యాన్ అక్షరాలే కాస్త అటూ ఇటూ అయ్యాయి కాబట్టి అది మగవాళ్లది. లెక్క పూర్తిగా తలకిందులు. ఐర్లండ్ సొంత భాష ఐరిష్‌లో ఫిర్ అంటే మగవాళ్లు, మ్నా అంటే ఆడవాళ్లు.

తికమక అంతటితో తీరిపోతే దీని గురించి ఇంత రాయనక్కరలేదు. మ్నా అన్న బహువచనానికి ఏకవచనం ఏమిటా అని నిఘంటువు తెరిచినప్పుడు అసలు విషయం మొదలవుతుంది. ‘స్త్రీ’ అనడానికి ఐరిష్‌లో బ్యన్ అంటారు. రాతలో అది బి-ఇ-ఎ-ఎన్, కూరగాయల కొట్లో బీన్స్‌కు వాడే ఇంగ్లీషు మాటలాగే కనిపిస్తుంది. ‘ఆ స్త్రీ’ అనాలంటే అన్ వ్యన్. ‘ఆ స్త్రీ యొక్క’ అనాలంటే న మ్నా. ‘ఆ స్త్రీలు’ అన్నా న మ్నాయే. ‘ఆ స్త్రీల యొక్క’ అనాలంటే న మన్. బ్యన్, వ్యన్, మ్నా, మన్: ఇవన్నీ ఒకే నామవాచకం. చెవికి వీటన్నిటిలో ఉమ్మడిగా తగిలేది ఒక్క నకారం.

ఐరిష్ వ్యాకరణ పుస్తకాలు నామవాచకాలను ఐదు వర్గాలుగా పంచుతాయి. బ్యన్ ఆ ఐదింటిలో ఎక్కడా ఇమడదు. దాన్ని చివర్లో అపవాదాల పట్టికలో పెడతారు. రోజు, నెల, ఇల్లు, మంచం, దేవుడు అనే అర్థాలున్న మాటలు కూడా ఆ పట్టికలోనే ఉంటాయి. ఆ జాబితాను ఒక్కసారి తేరిపార చూడండి. అరుదైన మాట అందులో ఒక్కటీ లేదు. పొద్దున లేచింది మొదలు నాలుక మీద ఆడే మాటలే అన్నీ. రోజూ వాడే మాట పాత రూపంతోనే పిల్లల నోటికి అంటుకుంటుంది. దాన్ని కొత్త పద్ధతిలోకి సరిచేసే అవకాశం భాషకు దొరకదు. అరుదుగా వాడే మాటల పాత రూపం ఎవరికీ గుర్తుండదు కనుక అవి క్రమంగా సాధారణ వర్గాల్లోకి సర్దుకుంటాయి. అందుకే బ్యన్‌ను ‘క్రమం తప్పిన మాట’ అనడం నాకు నచ్చదు. తక్కిన మాటలు కొత్త క్రమానికి మారిపోయాయి, ఇది మాత్రం వేల ఏళ్ల కిందటి క్రమాన్ని వదలలేదు.

తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. ఇల్లు అంటాం గాని ‘ఇల్లు తలుపు’ అనం, ఇంటి తలుపు అంటాం. కన్ను కంటి అవుతుంది, చెయ్యి చేతి అవుతుంది, నెయ్యి నేతి అవుతుంది. వీటిని మన వ్యాకరణం ఔపవిభక్తికాలు అంటుంది. ‘సంచి’ అనే అర్థమున్న మాల అన్న ఐరిష్ మాట పక్కన బ్యన్‌ను పెడితే జరిగేదీ ఇదే. మాల న మ్నా అంటే ఆ స్త్రీ సంచి. ‘ఇల్లు’కూ ‘ఇంటి’కీ ఉన్నంత దూరమే బ్యన్‌కూ మ్నాకూ ఉంది.

అయితే బ్యన్ వ్యన్‌గా ఎలా మారింది, ‘స్త్రీల యొక్క’ అనే అర్థమున్న ‘బన్’ అన్నది న తర్వాత ‘మన్’గా ఎందుకు వినిపిస్తోంది అన్నది వేరే ప్రశ్న. ఐరిష్ నేర్చుకునే విదేశీయులను అన్నిటికంటే బెదరగొట్టేది ఇదే. ఐరిష్ మాట మొదటి హల్లు నిలకడగా ఉండదు, ముందు ఏ మాట వచ్చిందో చూసుకుని మారుతుంది. ఈ మార్పు రెండు రకాలు. మొదటిది షేవ్యూ, అంటే మెత్తబరచడం. దీనివల్ల బ కాస్తా వ అవుతుంది, ప కాస్తా ఫ అవుతుంది. రెండోది ఉరూ. మామూలు వాడుకలో ఈ మాటకు గ్రహణం అని అర్థం. సూర్యుణ్ణి చంద్రుడు కమ్మినట్టు ఒక హల్లును మరొకటి కమ్మేస్తుంది. బకు ముందు మ వచ్చి చేరి బను వినపడనివ్వదు. ఇదే నియమం కింద క గగా, త దగా, ప బగా మారతాయి.

బడిలో సంధులు చదివిన తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ‘వారు’ పక్కన ‘పోరు’ వచ్చి ‘వారు వోరు’ అయింది గుర్తుందా? అది గసడదవాదేశం, ప మెత్తబడి వ అయింది. ‘పూచెను’ పక్కన ‘కలువలు’ వచ్చి ‘పూచెను గలువలు’ అయింది గుర్తుందా? అది సరళాదేశం. ద్రుతమనే నకారం పక్కనున్నందువల్ల క కాస్తా గ అయింది. మొదటిది ఐరిష్ షేవ్యూకు దగ్గరి పోలిక. రెండోది ఐరిష్ ఉరూ చేసే పనే: అక్కడా ఒక అనునాసికం తర్వాత పరుషం సరళమవుతుంది. రెండు భాషలకూ చుట్టరికం ఉందని దీని అర్థం కాదు. నోరు మనిషిది కాబట్టి పక్కపక్కన పడ్డ ధ్వనులు ఎక్కడైనా ఇలాగే ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. తేడా ఏమిటంటే, మన వాడుక భాషలో ఈ సంధులు చాలావరకు సద్దుమణిగి పద్యాల్లో మిగిలాయి. ఐరిష్‌లో అవి వ్యాకరణానికే మూలస్తంభాలయ్యాయి.

అలా ఎందుకయ్యాయో చెప్పాలంటే రాలిపోయిన ప్రత్యయాల దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడు అన్ అని పలికే నిర్దేశక పదం, అంటే ‘ఆ’ అనే అర్థమిచ్చే మాట, రెండువేల ఏళ్ల కిందట స్త్రీలింగంలో సిందా అని ఉండేదని పండితులు పునర్నిర్మించారు. బ్యన్ అప్పుడు బెనా. ‘సిందా బెనా’ అన్నప్పుడు బకు ముందు అచ్చు, వెనక అచ్చు. రెండు అచ్చుల నడుమ చిక్కిన హల్లు మెత్తబడి వ అయింది. తర్వాత రెండు మాటల తోకలూ రాలిపోయాయి గాని మెత్తదనం నిలిచిపోయింది. అదే నేటి అన్ వ్యన్. షష్ఠీ ఏకవచనంలో నిర్దేశక పదం సిందాస్ అని సకారంతో ముగిసేది. ఆ సకారం అడ్డుపడి హల్లును మెత్తబడనివ్వలేదు, కాబట్టి న మ్నాలో మకారం చెక్కుచెదరలేదు. వెనక వచ్చే మాట అచ్చుతో మొదలైతే ఆ సకారం హకారంగా బతికింది. ఐర్లండ్ పేరు షష్ఠిలో ఏరన్, ‘ఐర్లండ్ స్త్రీలు’ అనాలంటే మ్నా న హేరన్. ఆ హ ఎక్కడినుంచి ఊడిపడిందని అడిగితే జవాబు ఆ పాత సకారమే. షష్ఠీ బహువచనంలో నిర్దేశక పదం చివర అనునాసికం ఉండేది. అదే బకు గ్రహణం పట్టించి మన్ చేసింది.

ఈ గ్రహణాన్ని కంటితో చూడాలంటే టిప్పరరీ కౌంటీలో ఒక కొండ ఉంది. ఎత్తు 721 మీటర్లు. ఐర్లండ్ దారిసూచికల మీద పైన ఐరిష్ పేరు వాలు అక్షరాల్లో, కింద ఇంగ్లీషు పేరు పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఈ కొండ ఐరిష్ పేరు మూడు మాటలు: ష్లీవ్, న, మన్. స్త్రీల కొండ అని అర్థం. మూడో మాటను ఎమ్, బి, ఎ, ఎన్ అని రాస్తారు, అందులో ఎమ్ చిన్నది, బి పెద్దది. ఇంగ్లీషు పేరు మూడింటినీ అతికించి స్లీవ్‌నమాన్ అంటుంది, అందులో బి జాడే లేదు. ఇంగ్లీషువాళ్లు చెవికి వినపడ్డది రాసుకున్నారు. ఐరిష్‌వాళ్లు వినపడే ఎమ్‌ను రాసి, వినపడని బిని కూడా దాని పక్కనే ఉంచారు. గ్రహణం పట్టినా సూర్యుడు ఉన్నాడన్నట్టు! ఈ రాత పద్ధతి మొదటిసారి చూసినవాళ్లకు అనవసరపు బరువనిపిస్తుంది. నాకు మాత్రం ఎంతో మర్యాద గల పద్ధతిగా తోస్తుంది. మాట ఎంత మారినా దాని మొదలు ఏమిటో పాఠకుడికి కనిపిస్తూనే ఉంటుంది. పేరంతా పెద్ద అక్షరాల్లో రాసినా ఆ ఎమ్‌ను చిన్నదిగానే ఉంచడం పద్ధతి.

ఆ కొండకు ఆ పేరెందుకు వచ్చిందో చెప్పే కథ కూడా ఉంది. ఫిన్ మెకూల్ అనే పురాణవీరుడు శిఖరం మీద కూర్చుని, అందరికంటే ముందు పరుగెత్తి పైకి వచ్చిన స్త్రీని పెళ్లాడతానన్నాడట. గెలిచింది గ్రాన్యె. ఆమె గెలిచేలా అతడే సాయం చేశాడని జనం చెప్పుకుంటారు.

ఇక పుట్టుక. 1786లో కలకత్తాలో న్యాయమూర్తి విలియం జోన్స్ సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ మూలం ఒకటే అయి ఉండాలని ప్రసంగించినప్పుడు కెల్టిక్ భాషలనూ ఆ కుటుంబంలో చేర్చవచ్చని అన్నాడు. ఐరిష్ ఆ కెల్టిక్ శాఖలోదే. ఆ కుటుంబపు మూలభాషలో స్త్రీని సూచించే మాట ఒక విచిత్రమైన హల్లుతో మొదలయ్యేది. గ అంటూనే పెదవులు గుండ్రంగా చుడితే వచ్చే ధ్వని అది, సుమారుగా గ్వ. గ్వెన్ అన్నది ఆ ధాతువు. కెల్టిక్ భాషల్లో ఆ గ్వ పూర్తిగా పెదవుల మీదికి జారి బ అయిపోయింది. సంస్కృతంలో పెదవుల వంపు పోయి గ మిగిలింది. వెనక ఎకారమో ఇకారమో ఉంటే ఆ గ కూడా జగా మారింది.

ఈ ఒక్క సూత్రం చేత పట్టుకుంటే తాళాలు వరసగా తెరుచుకుంటాయి. ఐరిష్‌లో బో అంటే ఆవు, సంస్కృతంలో గో, మనకు గోవు. ఐరిష్‌లో బ్యో అంటే ప్రాణమున్నది, సంస్కృతంలో జీవ. ఐరిష్‌లో బ్రో అంటే తిరగలి, వేదంలో సోమలతను నూరే రాయి గ్రావన్. ఇక బ్యన్‌కు సంస్కృతంలో సాటి మాట జని. ఋగ్వేదంలో స్త్రీ, భార్య అనే అర్థంలో వస్తుంది. అంతేకాదు, ఋగ్వేదంలో గ్నా అనే మరో మాటా ఉంది, దేవతల భార్యలకు వాడతారు. జని, గ్నా చూడటానికి రెండు వేర్వేరు మాటలు. నిజానికి రెండూ ఒకే ధాతువు. మూలభాషలో ఆ మాట ప్రథమలో గ్వెన్ అని నిండుగా పలికేది. షష్ఠిలో ఊనిక ప్రత్యయం మీదికి పోయేసరికి మధ్యలోని ఎకారం నలిగిపోయి గ్వ్నా మిగిలేది. సంస్కృతంలో ఎకారం ఉన్నచోట గ జగా మారి జని అయింది. ఎకారం పోయినచోట గ గగానే ఉండి గ్నా అయింది. సంస్కృతం ఈ రెండు ముక్కలనూ విడదీసి రెండు మాటలుగా చేసుకుంది.

ఐరిష్ విడదీయలేదు. గ్వెన్ నుంచి బెన్, నేటి బ్యన్. గ్వ్నా నుంచి బ్నా. బ పక్కన న ఉండటంతో బ కూడా ముక్కులోంచి పలికి మ్నా అయింది. నిండు రూపం ప్రథమలో, నలిగిన రూపం షష్ఠిలో: మూలభాష అమర్చిన చోటే రెండూ ఈనాటికీ కూర్చున్నాయి. ఋగ్వేదంలోని గ్నాస్పతి అన్న సమాసంలో గ్నాస్ అన్నది పాత షష్ఠీ రూపమని పండితులు చెబుతారు. ‘మాల న మ్నా’ అన్నప్పుడు ఐరిష్ పిల్లవాడి నోట వచ్చే మ్నా ఆ గ్నాస్‌కు తోడబుట్టినది.

ఈ కుటుంబంలో తక్కినవాళ్లనూ పలకరించి పోదాం. గ్రీకులో గునే, మన ఆసుపత్రి బోర్డుల మీద గైనకాలజిస్ట్ అన్న మాట అక్కడిదే. గ్రీకులోనే బియోషియా మాండలికంలో అది బనా, ఐరిష్‌లా అక్కడా గ్వ బ అయింది. ఇంగ్లీషులో క్వీన్, మొదట్లో దానికి స్త్రీ, భార్య అనే అర్థం. రష్యన్‌లో భార్యను జెనా అంటారు. ఫార్సీలో జన్, దాని నుంచి జనానా. నవాబుల ఇళ్లలో ఆడవాళ్లుండే భాగానికి తెలుగులో కూడా జనానా అనే అన్నాం. అంటే మ్నాకు దూరపు చుట్టం ఒకటి ఫార్సీ, ఉర్దూల మీదుగా ఎప్పుడో హైదరాబాదు చేరింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. జని అనగానే మనకు జనని గుర్తొస్తుంది. రెండూ ఒకటే అనుకోవడం చాలా సహజం, కాని తప్పు. జనని, జన్మ, జనకుడు వేరే ధాతువు, పుట్టుకకు సంబంధించినది. దాని మూల హల్లుకు పెదవుల వంపు లేదు. అందుకే ఐరిష్‌లో దాని సంతతి బకారంతో కాక గకారంతోనే ఉంటుంది: గిన్ అంటే పుట్టించు. సంస్కృతంలో రెండు వేర్వేరు హల్లులూ జ అనే ఒకే గూట్లో వాలాయి కాబట్టి మనకు పోలిక కనిపిస్తోంది. ఐరిష్ ఆ రెండింటినీ వేరుగా ఉంచింది. అలాగే తెలుగు ఐరిష్‌కు చుట్టం అనుకోకూడదు. తెలుగు సంస్కృత జన్యం కాదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ 1816లోనే చూపించాడు. ఆలు, ఆడది అన్న మన సొంత మాటలకు బ్యన్‌తో ఏ బంధమూ లేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల ద్వారా మాత్రమే మనకు ఈ చుట్టరికం తెలుస్తుంది.

ఫిర్ అని రాసిన తలుపు మీది మాటకూ ఇలాంటి పుట్టుకే ఉంది. ఫిర్‌కు ఏకవచనం ఫ్యర్, సంస్కృతంలో వీర. మాట మొదట్లోని వ ఐరిష్‌లో ఫ అవుతుంది. కాబట్టి ఆ రెండు తలుపుల మీద ఉన్నవి వేదభాషలో చెప్పాలంటే గ్నాః, వీరాః.

ఈ ఫ్యర్ మరోచోట దాగి ఉంది. మనం వస్తువులను రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడతాం. మనుషులను మాత్రం ఇద్దరు, ముగ్గురు, నలుగురు అంటాం. ఇంగ్లీషుకు లేని ఈ తేడా ఐరిష్‌లో ఉంది. మూడు వస్తువులకు త్రీ, ముగ్గురు మనుషులకు త్ర్యూర్. నలుగురైతే క్యహ్రర్, ఐదుగురైతే కూగ్యర్. ఆ చివరి అర్ అన్నది ఫ్యర్ అరిగిపోగా మిగిలిన ముక్క. ‘ముగ్గురు స్త్రీలు’ అనడానికి త్ర్యూర్ బన్ అంటారు. మాటను విప్పితే అందులో ‘ముగ్గురు మగవాళ్లు’ నిద్రపోతున్నారు, ఎవరికీ గుర్తులేదు. బన్ అన్నది షష్ఠీ బహువచనం, అంటే ‘స్త్రీలలో ముగ్గురు’ అన్నట్టు. ‘ఇద్దరు స్త్రీలు’ అంటే బెర్ట్ వన్, ఇక్కడ బన్ మళ్లీ మెత్తబడింది.

లింగం విషయంలో బ్యన్ ఏ పేచీ పెట్టదు, స్త్రీలింగమే. ‘అమ్మాయి’ అనే అర్థమున్న కాలీన్ మాత్రం వ్యాకరణంలో పుంలింగం. చిన్నతనాన్ని సూచించే ఈన్ ప్రత్యయంతో ముగిసే మాట అది. అయినా సర్వనామం దగ్గరికొచ్చేసరికి ‘ఆమె’ అనే వాడతారు. ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని రెండింటికీ ఒకే క్రియ వాడే మనకు, వ్యాకరణ లింగం ఒక దారి, మనిషి ఒక దారి అంటే అర్థం కావడం కష్టం కాదు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. మ్నా అని ఉన్నది ఉన్నట్టు పలికేది దక్షిణాన మన్‌స్టర్‌లో. పశ్చిమాన కానక్ట్‌లో, ఉత్తరాన అల్‌స్టర్‌లో మ్రా అంటారు. మకారం తర్వాత నకారం రేఫగా మారడం అక్కడి అలవాటు. పాత భాషలో చతుర్థికి మ్నీ అనే రూపం కూడా ఉండేది. 1958లో ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక వ్యాకరణం దాన్ని వదిలేసింది, ఇప్పుడు పాత కవిత్వంలో కనిపిస్తుంది.

మాట అర్థాన్ని పట్టుకోవాలంటే దాని జంటలను చూడాలి. బ్యన్ అన్టీ అంటే ఇంటావిడ. ఐరిష్ ఇంకా వాడుకగా బతికున్న పల్లెలకు ప్రతి వేసవిలో నగరాల పిల్లలు భాష నేర్చుకోవడానికి వెళ్తారు. వాళ్లను ఇంట్లో పెట్టుకుని వండిపెట్టే ఆవిడను కూడా బ్యన్ అన్టీ అంటారు. భోజనాల బల్ల దగ్గర ఆమెతో మాట్లాడిన ఐరిషే చాలామందికి బడి బయట విన్న మొదటి ఐరిష్. 2022 జనగణనలో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు సుమారు 18.7 లక్షలు. బడికి వెలుపల రోజూ మాట్లాడతామన్నవాళ్లు మాత్రం దాదాపు 72 వేలే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న అగాధం మీద ఈ ఇంటావిడలు ఒక చిన్న వంతెన కట్టారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మంత్రసానిని మోకాలి స్త్రీ అంటారు, సన్యాసినిని నియమాల స్త్రీ అంటారు. చావు ఇంట్లో శోకాలు తీసే ఆవిడ ఏడుపు స్త్రీ. ఊళ్లో మందూ మాకూ, జరగబోయేదీ తెలిసిన ఆవిడ బ్యన్ ఫ్యాస. ఫ్యాస అంటే తెలివిడి, అది మన ‘వేద’ అన్న మాటకు చుట్టం. అక్షరాలా ‘వేదం గల జని’. మాట ముందు ఉపసర్గగా చేరితే బన్ అవుతుంది: బన్‌రీన్ అంటే రాణి, బనల్‌త్ర అంటే నర్సు. విధవను పాత ఐరిష్‌లో ఫెద్వ్ అనేవారు, సంస్కృతపు ‘విధవ’కు తోబుట్టువు అది. తర్వాత దాని స్థానంలో ‘ఇల్లు నడిపే స్త్రీ’ అనే అర్థమున్న బన్ సమాసం వచ్చింది, నేటి మాట బైంట్రఖ్ అదే. మొగుడు పోయినదని కాక ఇల్లు మోస్తున్నదని పిలవడం నాకు ఎంతో బాగుందనిపించింది.

ప్రపంచమంతా ఎరిగిన జంట మాత్రం బ్యన్ షీ. ఇంగ్లీషులో బాన్షీ అయింది. మన అనువాదాల్లో దాన్ని దెయ్యం అనో పిశాచం అనో తేల్చేస్తారు, అది అన్యాయం. షీ అంటే పాతకాలపు మట్టిదిబ్బ, అందులో మానవాతీతులు నివసిస్తారని నమ్మకం. ఆ మాట కూర్చోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందని చెబుతారు. మన సదనం, సదస్సు కూడా ఆ ధాతువులోనివే. బ్యన్ షీ అంటే ఆ దిబ్బ సదనంలోని స్త్రీ. ఆమె ఎవరినీ చంపదు, ఎవరినీ పట్టుకోదు. పాత వంశాల్లో ఎవరైనా పోయే ముందు వచ్చి ఏడుస్తుంది. ఆ ఇంటికోసం ముందుగా శోకించే మనిషి ఆమె. ఏడుపు స్త్రీ చేసే పనే, కాకపోతే ఒక రాత్రి ముందు చేస్తుంది.

ఇంటిపేర్లలోనూ బ్యన్ ఉంటుంది. ఓ మురఖూ అన్నది మర్ఫీ వంశంలోని మగవాడి పేరు, ఓ అంటే మనుమడు. ఆ ఇంటి కూతురైతే నీ వురఖూ. ఆ ఇంటి కోడలైతే బ్యన్ ఈ వురఖూ, అంటే ‘మురఖూ మనుమడి స్త్రీ’. పేరు వింటేనే పుట్టింటిదో మెట్టినింటిదో తెలిసిపోతుంది.

ఈ మాట రాజకీయాల్లో ఎప్పుడు వినిపించినా బలంగానే వినిపించింది. 1914 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో స్త్రీలు పెట్టుకున్న సంఘం పేరు కుమన్ న మన్, స్త్రీల సంఘం. బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో వాళ్లు పాల్గొన్నారు. 1990 నవంబరులో మేరీ రాబిన్సన్ ఐర్లండ్‌కు తొలి మహిళా అధ్యక్షురాలిగా గెలిచినప్పుడు, ఇంగ్లీషు ప్రసంగం మధ్యలో మ్నా న హేరన్ అని పలికింది. ఊయల ఊపవలసినవాళ్లు వ్యవస్థనే ఊపేశారని ఆ స్త్రీలకు కృతజ్ఞత చెప్పింది. 1937 రాజ్యాంగంలో 41వ అధికరణం, ఇంట్లో తన జీవితం ద్వారా స్త్రీ రాజ్యానికి చేసే సాయాన్ని గుర్తిస్తుంది. ఇంగ్లీషు పాఠంలో నిర్దేశక పదం లేకుండా ఉన్న ఆ ‘స్త్రీ’ ఐరిష్ పాఠంలో అన్ వ్యన్. స్త్రీజాతి మొత్తాన్ని చెప్పేటప్పుడు ఐరిష్ నిర్దేశక పదాన్ని వాడుతుంది. రెండు పాఠాలకూ పొత్తు కుదరకపోతే చెల్లేది ఐరిష్ పాఠమే. ఆ వాక్యాన్ని మార్చాలా వద్దా అని 2024 మార్చి 8న ప్రజలను అడిగారు. నూటికి సుమారు 74 మంది ప్రతిపాదనను తిరస్కరించారు, అన్ వ్యన్ అక్కడే ఉంది.

జనవరి 6వ తేదీ పేరు నొలిగ్ న మన్, స్త్రీల క్రిస్మస్. క్రిస్మస్ పన్నెండు రోజులూ వండి వడ్డించి అలసిన ఆడవాళ్లు ఆ రోజు పొయ్యి ముట్టరు. ఇంటి పనులు మగవాళ్లకు వదిలి తమలో తాము కలుసుకుంటారు. నైరుతిన కార్క్, కెర్రీ కౌంటీల్లో ఈ ఆచారం గట్టిగా నిలబడింది.

చివరగా ఒక సీసపు రేకు. 1983లో దక్షిణ ఫ్రాన్సులోని లార్జాక్ ప్రాంతంలో ఒక స్త్రీ సమాధిలో అది దొరికింది. సుమారు క్రీ.శ. 100 నాటిది. దాని మీద గీకి ఉన్న భాష గాలిష్, ఐరిష్‌కు పెద్దమ్మ వరస, ఎప్పుడో అంతరించింది. అందులో బ్నానోమ్ బ్రిక్తోమ్ అన్న జంట మాట ఉంది, స్త్రీల మంత్రం అని అర్థం. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఐర్లండ్‌లో, సెయింట్ పాట్రిక్ పేరు మీద ప్రచారంలో ఉన్న ఒక పాత ఐరిష్ రక్షాస్తోత్రం, స్త్రీల మంత్రాల నుంచీ కమ్మరుల మంత్రాల నుంచీ డ్రూయిడ్లనే పాతకాలపు పూజారుల మంత్రాల నుంచీ కాపాడమని వేడుకుంటుంది. అక్కడ స్త్రీల మంత్రాలను బ్రిఖ్తు బన్ అంటారు. అవే రెండు మాటలు, ముందువెనకలు మారాయి. బ్నానోమ్ చివరి ఓమ్ మాత్రం ఐరిష్‌లో రాలిపోయింది. శబ్దమంజరి వల్లెవేసినవాళ్లు దాన్ని ఎరుగుదురు, రామాణామ్ చివర వినిపించే ఆమ్ అదే ప్రత్యయం. బన్ మాటకు ముందు నిలిచే నిర్దేశక పదానికీ ఒకప్పుడు ఆ తోకే ఉండేది. టిప్పరరీ దారిలో సూచిక మీద పెద్ద బి ముందు చిన్నగా నిలబడ్డ ఎమ్, ఆ తోకలో మిగిలిన ముక్క.